దొరికినవాటిని తిరిగిచ్చిన మనిషి: వేటూరి ప్రభాకరశాస్త్రి

పోయిన కార్తీకంలో హాస్టల్ నుంచి నలుగురం తిరుచానూరు పంచమి తీర్థానికి వెళ్లాం. ఆ రోజు పద్మసరోవరం చుట్టూ ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మునిగినవాళ్లు మెట్లెక్కలేరు, ఎక్కాల్సినవాళ్లు దిగలేరు. ఆ తోపులాటలో మావాడొకడి ఐడీ కార్డు ఎక్కడో జారిపోయింది. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి, కార్డు లేకపోతే హాల్లోకి రానివ్వరు. మైకులో అనౌన్స్‌మెంట్లు వినిపిస్తున్న పందిరి దగ్గరికి పరుగెత్తాం.

అక్కడ ఒక బల్ల. దాని మీద ఆ పొద్దు దొరికిన సామాన్లు కుప్పగా పోసున్నాయి. తాళంచెవుల గుత్తులు, ఒంటి కాలి పట్టీ, కళ్లజోళ్లు, పసిపిల్ల బూటు ఒకటి, పర్సులు, ఎవరిదో తిరుమణి పెట్టె. వీటన్నిటినీ కలిపి వెల్డింగ్ చేస్తే మన ఫెస్టులో మెకానికల్ వాళ్లు పెట్టే స్క్రాప్ బొమ్మ తయారవుతుందని ఒకడు జోకేశాడు. జోకే కానీ అందులో నిజముంది. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ల శాఖ ఉద్యోగి విరిగిన గాజులు, పగిలిన పింగాణీ, పాత కరెంటు సామాన్లు ఏరుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి బొమ్మలు చేశాడు. అదే 1976లో జనానికి తెరిచిన రాక్ గార్డెన్. ఎవరో పారేసుకున్నది ఇంకెవరో ఏరుకుని, అందరూ చూసేలా నిలబెట్టడం కూడా ఒక కళే.

మేం బల్ల దగ్గర నిలబడి ఉండగా మైకులో అనౌన్స్‌మెంట్ ఆగి అన్నమయ్య పాట మొదలైంది. పక్కనున్న ముసలమ్మ కూడా అందుకుని పాడుతోంది. అప్పుడు నాకు తట్టింది. ఈ పాట కూడా ఒకప్పుడు ఇలాంటి బల్ల మీది సామానే. కొన్ని వందల ఏళ్లు ఎవరూ వచ్చి అడగని సామాను. దాన్ని గుర్తుపట్టి, దుమ్ము దులిపి, గుర్తులు సరిచూసి జనం చేతికి తిరిగిచ్చినవాళ్లలో ముఖ్యుడు వేటూరి ప్రభాకరశాస్త్రి. సినిమా పాటల వేటూరి గారు అందరికీ తెలుసు, ఆయన కూడా ఆ ఇంటివారే. ఈ పెద్దాయన గురించి మాత్రం మనలో చాలామందికి పేరు మించి తెలీదు. అందుకే ఈ నెల ఆయన కథ.

ప్రభాకరశాస్త్రి 1888 ఫిబ్రవరి 7న కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టారు. కృష్ణ ఒడ్డున, దుర్గా నాగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు అది. తండ్రి సుందరశాస్త్రి, తల్లి శేషమ్మ. సంస్కృతం, తెలుగు ఇంట్లోనే మొదలై, తర్వాత పెద్ద గురువుల దగ్గర సాగాయి. ఆయన గురువుల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారున్నారు. తిరుపతి వెంకట కవుల జంటలో రెండో ఆయన. ఈ పేరు వినగానే మన ఊరివాళ్లు అనుకుంటాం కానీ, ఆ తిరుపతి ఊరు కాదు, జంటలో మొదటి ఆయన దివాకర్ల తిరుపతిశాస్త్రి పేరు. తిరుపతి పేరున్న కవుల శిష్యుడు చివరికి నిజమైన తిరుపతికే వచ్చి చేరాడన్నమాట.

చదువయ్యాక ఉద్యోగం మద్రాసులో. అక్కడి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో. అదేమిటో కొంచెం చెప్పుకోవాలి. కల్నల్ మెకంజీ, మన కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ లాంటివాళ్లు ఊరూరా సేకరించిన తాళపత్రాలు, కాగితపు ప్రతులు చేరిన చోటు అది. అంటే అదీ ఒక పెద్ద బల్లే, దొరికిన సామాన్లు పెట్టే బల్ల. తెలుగు, తమిళ, కన్నడ, సంస్కృత గ్రంథాలు వేలకొద్దీ అక్కడ కట్టలు కట్టి ఉండేవి. కొన్నిటి మీద కవి పేరు ఉండదు. కొన్నిటికి మొదలు ఉండదు, కొన్నిటికి చివర ఉండదు. ఒక పుస్తకం మధ్యలో ఇంకో పుస్తకం ఆకులు కలిసిపోయి ఉంటాయి.

తాటాకు మీద రాత మనం అనుకునేలాంటి రాత కాదు. గంటంతో గీస్తారు, ఆ గీతల్లోకి మసి పట్టిస్తే అక్షరం కనబడుతుంది. మసి పోతే అక్షరం మళ్లీ ఆకులో కలిసిపోతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. పాత రాతలో ఎ, ఏ ఒకేలా ఉంటాయి, ఒ, ఓ కూడా అంతే. చదివేవాడికి ఛందస్సు తెలిస్తేనే అక్కడ పొట్టి అక్షరం ఉండాలా, పొడుగుది ఉండాలా అన్నది తేలుతుంది. పైగా తాటాకు పురుగు తినేస్తుంది కాబట్టి తరానికోసారి ఎవరో కూర్చుని కొత్త ఆకు మీదికి ఎక్కించాలి. ఎక్కించినప్పుడల్లా కొన్ని తప్పులు చేరతాయి. ఒకే కావ్యానికి ఐదు ప్రతులు దొరికితే ఐదూ ఐదు రకాలుగా ఉంటాయి.

మన భాషలో చెప్పాలంటే, ఒరిజినల్ రిపాజిటరీ ఎగిరిపోయింది, కమిట్ హిస్టరీ లేదు, ఐదుగురి ల్యాప్‌టాపుల్లో ఐదు పాత కాపీలు మాత్రం మిగిలాయి. వాటిని పక్కపక్కన పెట్టి, ఏ తేడా ఎక్కడ పుట్టిందో ఊహించి, అసలు కోడ్ ఇలా ఉండి ఉంటుందని తేల్చాలి. దీన్నే పండితులు గ్రంథ పరిష్కరణ అంటారు. ప్రభాకరశాస్త్రి గారు దాదాపు మూడు దశాబ్దాలు ఈ పనే చేశారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణానికి, క్రీడాభిరామానికి ఆయన రాసిన పెద్ద పీఠికలు ఆ కూర్చుని చేసిన పనికి ఫలం. ఆయన ఒంటరి కాదు. మానవల్లి రామకృష్ణకవి గారు 1909లో నన్నెచోడుడి కుమారసంభవాన్ని వెలికి తీసి అచ్చు వేయించినప్పుడు, తెలుగువాళ్లు పూర్తిగా మర్చిపోయిన ఒక మహాకవి అమాంతం ప్రత్యక్షమయ్యాడు. ఆ కాలంలో సాహిత్య పరిశోధన అంటే అలాంటి ఉత్సాహం. ఏ అటక మీద ఏముందో ఎవరికీ తెలీదు.

అయితే శాస్త్రి గారు లైబ్రరీ గోడల దగ్గరే ఆగలేదు. తాటాకు మీద కూడా లేని సాహిత్యం ఒకటుంది. జనం నోట్లో తిరిగే చాటుపద్యాలు. అరుగు మీద, పెళ్లి పందిట్లో, వాదం గెలవడానికి, అవతలివాడిని వెక్కిరించడానికి, ఆకలేసి, కోపమొచ్చి అప్పటికప్పుడు చెప్పిన విడి పద్యాలవి. ఏ కావ్యంలోనూ ఉండవు. ఎవరు చెప్పారో తెలీదు, లేదా ముగ్గురు నలుగురు కవుల పేర్ల మీద తిరుగుతుంటాయి. ఒక మంచి పద్యం దొరికితే అది శ్రీనాథుడిది అనో తెనాలి రామకృష్ణుడిది అనో చెప్పేయడం మనవాళ్ల అలవాటు. ఇప్పుడు వాట్సాప్‌లో ఏ మంచి మాట కనబడినా కింద కలాం గారి ఫొటో పెట్టి పంపుతారే, అచ్చం అదే.

పండితులు చాలామందికి ఇవి చిల్లర సరుకు. కావ్యం అంటే గౌరవం, చాటువు అంటే కాలక్షేపం. శాస్త్రి గారు ఈ చిల్లరను ఏరడం మొదలుపెట్టారు. తెలిసినవాళ్లని అడిగారు, పాత ప్రతుల చివర ఖాళీ ఆకుల మీద రాసి పెట్టుకున్నవి ఎత్తి రాసుకున్నారు. ఆ కూడబెట్టిందే చాటుపద్యమణిమంజరి. ఈరోజు మనం స్టేజీ మీద చెప్పి చప్పట్లు కొట్టించుకునే పాత పద్యాల్లో ఎన్నో ఆ పుస్తకం మీదుగా మన దాకా వచ్చినవే. ఆయన ఏరకపోతే, ఆ పద్యాలు తెలిసిన చివరి ముసలాయనతో పాటే పోయేవి. అలా పోతే పోయినట్టు కూడా ఎవరికీ తెలీదు. తాళంచెవి పోతే ఇంటికెళ్లాక తెలుస్తుంది. పద్యం పోతే ఏ తలుపూ మూసుకున్నట్టు కనబడదు.

ఈ ముక్కలతోనే ఆయన ఇంకో సాహసం చేశారు. శ్రీనాథుడి జీవితం గురించి పక్కా ఆధారాలు తక్కువ. కావ్యాల్లో చెప్పుకున్న మాటలు, శాసనాలు, జనం నోటి చాటువులు అన్నీ ఒక చోట చేర్చి, వాటి మధ్య ఖాళీలు పూరిస్తూ శృంగార శ్రీనాథము అనే పుస్తకం రాశారు. పగిలిన పింగాణీ ముక్కలతో మనిషి బొమ్మ చేసినట్టు, దొరికిన పద్యాల ముక్కలతో ఒక కవి మనిషిని నిలబెట్టారు. అందులో చిక్కు కూడా ఉంది. చాటువుల్లో ఏది నిజంగా శ్రీనాథుడు చెప్పిందో, ఏది తర్వాతివాళ్లు ఆయనకు అంటగట్టిందో గట్టిగా తేల్చడం కష్టం. పునాది కదిలితే దాని మీది గోడా కదులుతుంది. అందుకే ఆ పుస్తకం చదివేటప్పుడు ఏ ముక్క ఎక్కడిదో చూసుకుంటూ చదవాలి. కానీ ముక్కలు కుప్పగానే పడి ఉంటే వాటి గురించి వాదించుకునేవాడు కూడా ఉండడు కదా. ఒక ఆకారం నిలబెట్టాకే, ఇక్కడ ముక్కు తేడాగా ఉందని అనగలం.

ఈ మధ్యలో ఆయన జీవితంలో ఇంకో పాయ ఉంది. ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో కుంభకోణంలో ఉండే మాస్టర్ సి.వి.వి. యోగమార్గం ఆయన్ని ఆకర్షించింది. దానితో తనకు మేలు జరిగిందని గట్టిగా నమ్మారు. తర్వాత ఆ యోగ పద్ధతిలోనే తన దగ్గరికి వచ్చిన రోగుల కోసం ప్రార్థన చేసేవారు. ఆ అనుభవాలు ప్రజ్ఞాప్రభాకరము అనే తన కథలో రాసుకున్నారు. అక్షరాన్ని పట్టుకుని ఆధారం ఏదని అడిగే పరిశోధకుడూ, కంటికి కనబడని శక్తిని నమ్మే సాధకుడూ ఒకే మనిషిలో ఎలా ఉన్నారని మనకు అనుమానం రావచ్చు. ఆయనకు మాత్రం రెండూ ఒకటే బాటగా కనబడినట్టున్నాయి. కనబడనిదాన్ని ఉందని నమ్మి వెతకడమే ఆయన ఉద్యోగం కూడా.

ఇక తిరుపతి. 1939లో దేవస్థానం వాళ్లు శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థను మొదలుపెట్టారు. ఇప్పుడది ఎస్వీ యూనివర్సిటీలో భాగం. మద్రాసు ఉద్యోగం వదిలి శాస్త్రి గారు ఆ సంస్థకు వచ్చారు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. చాలామంది రిటైర్మెంట్ లెక్కలు వేసుకునే వయసులో ఆయనకు జీవితంలో అతిపెద్ద పని ఎదురైంది.

ఆ పని సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. తాళ్లపాక అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. మొత్తం 32 వేల సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం. ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో, విజయనగరం దశ బాగున్న రోజుల్లో, ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో భద్రం చేశారు. అదే సంకీర్తన భాండారం. ఆలోచన గొప్పది. తాటాకును పురుగు తింటుంది, రాగిని తినదు. డేటా బ్యాకప్ అంటే అలా ఉండాలి.

కానీ బ్యాకప్ ఉండటం వేరు, దాన్ని ఓపెన్ చేసేవాళ్లుండటం వేరు. రాజ్యం పోయింది, తాళ్లపాక వారి ప్రాభవం తగ్గింది, పాడేవాళ్లు తగ్గారు, రేకులు చీకట్లో ఉండిపోయాయి. మరీ ఎవరి కంటా పడలేదని కాదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన కాంప్‌బెల్ దొర తిరుపతి రేకుల సంగతి విన్నాడు. వాటిలో పాత వ్యాకరణ గ్రంథమేదో ఉంటుందని ఆశపడి చూపించాడు. తీరా చూస్తే అన్నీ దేవుడి మీద స్తోత్రాలే. ఆయనకు కావాల్సింది వ్యాకరణం, దొరికింది పాట. అంతటితో వదిలేశాడు. ఈ ముచ్చట చదివినప్పుడల్లా నాకు బల్ల దగ్గరి జనం గుర్తొస్తారు. ప్రతివాడూ తన పర్సు కోసమే చూస్తాడు. పక్కనే బంగారు పట్టీ ఉన్నా అది తనది కాదు కాబట్టి కంటికి ఆనదు. కనబడటం వేరు, దొరకటం వేరు.

మళ్లీ వందేళ్లకు పైగా గడిచాక, 1922 ప్రాంతంలో, దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఆ రేకుల విలువ గుర్తించారు. తిరుమల తిరుపతి శాసనాలన్నిటినీ చదివి సంపుటాలుగా తెచ్చిన మనిషి ఆయన. 1933లో దేవస్థానం పాలన మహంతుల నుంచి కమిటీ చేతికి వచ్చింది. 1935 నుంచి పండిత విజయరాఘవాచార్యులు గారి సంపాదకత్వంలో తాళ్లపాక సాహిత్యం అచ్చులో రావడం మొదలైంది. ఆ వరసలో తర్వాత ఈ బరువు మోసింది ప్రభాకరశాస్త్రి గారు. కాబట్టి రేకులు ఆయనొక్కడే కనిపెట్టాడంటే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టు. ఇలాంటి పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు చూస్తారు, ఒకరు గుర్తిస్తారు, ఒకరు చదువుతారు, ఒకరు పాడతారు. శాస్త్రి గారి వంతు చదవడం, చదివినదాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడం.

రేకు చదవడం అంటే ఏమిటి? ఒక్కో రేకు మీద రెండు వైపులా కలిపి మామూలుగా ఆరేసి పాటలుంటాయి. పాట నెత్తిన రాగం పేరు ఉంటుంది. అంతే, స్వరం ఉండదు. మాటలు విడగొట్టి ఉండవు. అందులోని తెలుగు పండితుల కావ్యాల తెలుగు కూడా కాదు. పదిహేనో శతాబ్దంలో మన రాయలసీమ వీధుల్లో, పొలాల్లో, వంటిళ్లలో ఆడిన తెలుగు. జాజర, చందమామ పాటలు, లాలి, దంపుళ్ల పాట, సువ్వి, గొబ్బి, కొలనిదోపరి అన్నీ ఉన్నాయి. నిఘంటువులో లేని మాటలు అడుగడుగునా తగులుతాయి. కావ్యాలు మాత్రమే చదివిన పండితుడైతే ఇది తప్పురాత అనుకుని దిద్దేసేవాడు. చాటువులు ఏరిన మనిషికి, జనం నోటి మాటకు విలువుంటుందని ముందే తెలుసు. నాకు అనిపించేదేమిటంటే, మద్రాసులో ఆయన చేసిన చిల్లర పనంతా ఈ పెద్ద పనికి ట్రైనింగ్. ఆ సంపుటాల పనితో పాటు ఇంకో ముఖ్యమైన పని కూడా ఆయన చేతి మీదుగా జరిగింది.

పాటలు దొరికాయి కానీ వాటి యజమాని ఎవరు? అన్నమయ్య పేరు తెలిసినా మనిషి తెలియలేదు. ఎప్పుడు పుట్టాడు, ఎలా బతికాడు, ఎందుకిన్ని పాటలు కట్టాడు? అన్నమయ్య మనవడు చిన్నన్న, అంటే తాళ్లపాక తిరువెంగళనాథుడు, తాతగారి కథను ద్విపదలో రాశాడు. ఆ అన్నమాచార్య చరిత్రను శాస్త్రి గారు పరిష్కరించి, పెద్ద పీఠికతో దేవస్థానం పక్షాన తెచ్చారు. చిన్నతనంలో ఇల్లు వదిలి కొండెక్కిన కుర్రాడు, దారిలో అలసి పడుకుంటే అలమేలుమంగ వచ్చి ప్రసాదం పెట్టడం, తన మీద పాట చెప్పమన్న సాళువ నరసింగరాయుడికి కాదని చెప్పడం, సంకెళ్లు. ఇప్పుడు సినిమా చూసి మనకు తెలిసిన కథంతటికీ మూలం ఆ చిన్న ద్విపద కావ్యమే. శాస్త్రి గారు పీఠికలో ఆ కథను రేకుల మీది రాతలతో, శాసనాలతో పక్కపక్కన పెట్టి చూశారు. ఏది చరిత్ర, ఏది భక్తితో చేరింది అన్న ఆలోచనకు దారి వేశారు. దొరికిన సామాను మీద యజమాని పేరు రాసిన చీటీ అంటించడం లాంటి పని అది. ఆ చీటీ లేకపోతే ఈ పాటలు కూడా చాటువుల్లాగే నలుగురి పేర్ల మీద తిరిగేవి.

మన తిరుచానూరుకు ఈ కథలో వాటా ఉంది. తాళ్లపాక వారి పాటల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. వాటిలో నాయిక అలమేలుమంగ. ఆమె కోపం, అలక, నవ్వు, మంచం మీది మాటలు, చెలికత్తెల ఎకసెక్కాలు. అమ్మవారిని ఇంతగా ఇంటి ఆడపిల్లను చేసిన సాహిత్యం తెలుగులో ఇంకోటి చూపించడం కష్టం. ఈరోజు తిరుచానూరు ఊంజల సేవలో మనం వినే పాటల వెనక, ఆ రాగి మీది సన్నటి గీతల్ని కళ్లు పోయేలా చూస్తూ కూర్చున్న వాళ్లున్నారు. అన్నమయ్య తన పూజా విగ్రహాలు పోతే, స్వామిని తెచ్చి ఇవ్వమని పాట పాడి వేడుకున్నాడనీ, అవి మళ్లీ దొరికాయనీ పెద్దలు చెప్పే కథ ఒకటుంది. ఆయన విగ్రహాలు ఆయనకు దొరికాయి. ఆయన పాటలు దొరకడానికి మాత్రం ఇన్ని వందల ఏళ్లు పట్టింది.

దొరికాయని అన్నాను కానీ, పూర్తిగా దొరకలేదు. రేకుల మీద మిగిలినవి, తాళ్లపాక కవులందరివీ కలుపుకుని, దాదాపు 14 వేలు. 32 వేలన్న మాట నిజమైతే సగానికి పైగా పోయినట్టే. ఇంకా పెద్ద నష్టం వేరే ఉంది. రాగం పేరుంది, స్వరం లేదు. కొన్ని రాగాల పేర్లు ఇప్పుడు వాడుకలో కూడా లేవు. అన్నమయ్య ఆ పాట ఎలా పాడాడో చెప్పగలిగినవాళ్లు లేరు. అంటే బల్ల మీద దొరికింది పాట కాదు, పాటలో సగం. వీణ దొరికింది, తీగలు లేవు.

ఆ తీగలు కట్టే పని మొదలయ్యేటప్పటికి శాస్త్రి గారు లేరు. 1950 ఆగస్టు 29న, 62 ఏళ్ల వయసులో, ఆయన పోయారు. ఇంకా రేకులున్నాయి, ఇంకా సంపుటాలున్నాయి. పని మధ్యలో ఉండగా మనిషి వెళ్లిపోయాడు.

ఆ ఏడాదే అనంతపురం జిల్లా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతి వచ్చారు. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పిన పండితుడు, పైగా సంగీత విద్వాంసుడు. రెండూ ఒకే మనిషిలో ఉండటం మన అదృష్టం. ఆయన రేకులు చదివి సంపుటాలు కొనసాగిస్తూనే, వందకు పైగా పాటలకు తానే స్వరాలు కట్టారు. పాత స్వరం దొరికిందని అబద్ధం చెప్పలేదు. ఇది నా కూర్పు అని తెలిసేలాగే చేశారు. ఆ తర్వాత రేడియో, కచేరీలు, 1970ల చివర దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి రికార్డులు, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గార్ల కూర్పులు. అర్ధ శతాబ్దం తిరక్కుండానే చీకటి గదిలోని రాగిరేకు ఊరూరా మైకులో పాటయింది. ఇప్పుడు మా మెస్‌లో వంటాయన కూడా పొద్దున్నే అదే పెడతాడు.

ఇక్కడే నాకు స్క్రాప్ బొమ్మలు మళ్లీ గుర్తొస్తాయి. మంచి స్క్రాప్ బొమ్మలో రెండు గుణాలుంటాయి. ఒకటి, దగ్గరికెళ్లి చూస్తే ఇది చైను, ఇది గేరు, ఇది స్పానర్ అని ముక్కలు గుర్తుపట్టగలం. అతుకు దాచరు. రెండు, దూరం నుంచి చూస్తే ముక్కలు కాదు, గుర్రమే కనబడుతుంది. అన్నమయ్య పాట ఈరోజు అలాంటిదే. మాట పదిహేనో శతాబ్దానిది, అచ్చు ఇరవయ్యోదానిది, స్వరం చాలావరకు నిన్నమొన్నటిది. దగ్గరికెళ్తే అతుకులు తెలుస్తాయి. దూరం నుంచి వింటే ముసలమ్మకు అవేమీ అక్కర్లేదు, పాటే వినబడుతుంది. ఆ అతుకులు నిజాయితీగా వేయడమే పరిష్కర్త పని. తన తెలివి కలిపి అసలుదని చెప్పేయడం చాలా సులువు, ఎవరూ పట్టుకోలేరు కూడా. శాస్త్రి గారి తరం అలా చేయకుండా, ఈ పాఠం ఇక్కడ దొరికింది, ఇక్కడ ఆకు చిరిగింది, ఇక్కడ నేను ఊహించాను అని రాసి పెట్టడం నేర్పింది.

ఇప్పుడు తిరుపతిలో శ్వేత భవనం ఎదురుగా ప్రభాకరశాస్త్రి గారి విగ్రహం ఉంది. ఏటా జయంతికి, వర్ధంతికి దండ వేస్తారు. ఆయన పేర దేవస్థానంలో వాఙ్మయ పీఠం కూడా ఉంది. బస్సులో వెళ్తూ ఆ విగ్రహాన్ని చూసినవాళ్లం చాలామందే ఉన్నాం. ఎవరో కవి అనుకుని ఉంటాం. కవే, మీగడతఱకలు, తెలుగు మెఱుగులు లాంటి వ్యాసాలు రాసిన రచయిత, భాసుడి నాటకాలు తెలుగు చేసిన అనువాదకుడు. కానీ ఆయన పెట్టిన అసలు విగ్రహం రాతిలో లేదు, మైకులో ఉంది. కింద ఆయన పేరు రాసి లేదు, అంతే తేడా.

ఇదంతా ఎందుకు రాశానంటే, బల్ల ఇంకా ఖాళీ కాలేదు. మా అవ్వకు కార్తీకంలో పాడే పాటలు కొన్ని వచ్చు, ఏ పుస్తకంలోనూ లేవు. మీ ఊళ్లోనూ అలాంటి అవ్వ ఉంటుంది. శాస్త్రి గారికి గంటం, తాటాకు, కాగితం తప్ప ఏమీ లేవు. మన జేబులో రికార్డర్ ఉంది, నెట్ ఉంది. క్లబ్బు తరఫున ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క పాటైనా, ఒక్క పద్యమైనా, ఒక్క సామెత కథైనా రికార్డు చేసుకొద్దాం. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది కూడా రాసుకుందాం. చీటీ లేని సామాను మళ్లీ పోతుంది కదా.

మావాడి ఐడీ కార్డు సంగతి చెప్పలేదు. ఆ రోజు బల్ల మీద దొరకలేదు. మూడో రోజు కాలేజీ అడ్రసుకు కవర్లో వచ్చింది. పంపినవాళ్లు పేరు రాయలేదు. తడిసి ముద్దయిన కార్డును ఎవరో ఆరబెట్టి, తుడిచి, వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న అడ్రసు ఓపిగ్గా చదివి పంపారు. పరీక్ష రాశాడు. పంపిన ఆ మనిషి ఎవరో మాకు ఇప్పటికీ తెలీదు.